తొలి ముద్దకు వేళ ఎప్పుడు?

బిడ్డకు నాలుగో నెల నిండేసరికి ఇంట్లో ఆ మాట మొదలవుతుంది. పెద్దవాళ్ళు తింటుంటే కళ్ళార్పకుండా చూస్తోందని ఒకరు, పిడికిలి నోట్లో కుక్కుకుంటోందని ఒకరు, రాత్రి మూడుసార్లు లేస్తోంది పాలు చాలడం లేదేమోనని ఇంకొకరు. అమ్మమ్మ పల్చగా జావ కాచి పోద్దామంటుంది. నాయనమ్మ అన్నప్రాశన కాకుండా మెతుకు పెట్టకూడదంటుంది. డాక్టరు ఆరు నెలలు నిండనివ్వమంటాడు. పక్కింటావిడ తన మనవడికి నాలుగో నెలలోనే డబ్బా పిండి మొదలుపెట్టామని, చక్కగా ఒళ్ళు చేశాడని చెబుతుంది. అందరూ బిడ్డ మేలు కోరేవాళ్ళే. ఈ మాటల మధ్య నలిగేది మాత్రం తల్లి. బిడ్డ సిద్ధంగా ఉందో లేదో దేన్ని చూసి తెలుసుకోవాలన్నది ఆమెకు ఎవరూ విడమరచి చెప్పరు.

ఈ ప్రశ్న మీద హోండురాస్ నుంచి నల్లగొండ దాకా పరిశోధనలు జరిగాయి. వాటిని ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. ఒక్క తేదీనే నమ్ముకున్నా, ఒక్క ఆకలినే నమ్ముకున్నా పొరపాటు పడతాం. బిడ్డ మెడ, నడుము, చెయ్యి, నాలుక ఏం చేస్తున్నాయో చూడాలి. ఆరు నెలలు నిండి అవి నాలుగూ సిద్ధమయ్యాక ఇక ఒక్క వారం కూడా వాయిదా వేయకూడదు. మన ఇళ్ళలో తొందరపాటు గురించి హెచ్చరించేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆలస్యం గురించి హెచ్చరించేవాళ్ళు తక్కువ. జరుగుతున్న నష్టంలో ఎక్కువ భాగం ఆ ఆలస్యం వల్లేనని నా అభిప్రాయం.

ఆరు నెలల లెక్క ఎప్పటినుంచో స్థిరపడి ఉన్నది కాదు. గత శతాబ్దం మధ్యలో అమెరికాలో వాల్టర్ సాకెట్ అనే డాక్టరు, పుట్టిన కొద్ది రోజులకే ధాన్యపు పిండి తినిపించవచ్చని ప్రచారం చేశాడు. ఆ రోజుల్లో అక్కడ నెలల పిల్లలకు చెంచాతో తినిపించడం మామూలైపోయింది. ఆ ఊపు తగ్గాక 'నాలుగు నుంచి ఆరు నెలల మధ్య' అన్న సలహా చాలా ఏళ్ళు నడిచింది. మన దేశంలో 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం కూడా, నాలుగు నెలల తర్వాత తల్లిపాలకు తోడుగా ఇచ్చేదే శిశు ఆహారమని నిర్వచించింది. 2003లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ నాలుగు ఆరు అయింది. అంటే ఇప్పుడు నాయనమ్మలైనవాళ్ళు తమ పిల్లలను పెంచే రోజుల్లో డాక్టర్లు చెప్పిన మాట వేరు. వాళ్ళు నాలుగో నెల అంటే అది వాళ్ళ అజ్ఞానం కాదు, అప్పటి వైద్యం చెప్పిన మాటే.

మార్పుకు దారితీసిన పరిశోధనల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది హోండురాస్‌లో పేద తల్లుల మధ్య జరిగి 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. తొలి కాన్పు తల్లులు, 141 మంది బిడ్డలు. కొందరికి నాలుగు నెలలకే శుభ్రంగా తయారుచేసిన, పోషకాలున్న ఆహారం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళకు ఆరు నెలల దాకా తల్లిపాలే. ఆరు నెలలకు తూచి చూస్తే బరువులోగానీ పొడవులోగానీ తేడా లేదు. నాలుగు నెలలకే ఆ ఆహారం తిన్న బిడ్డలు ఆ మేరకు పాలు తాగడం తగ్గించారు. పెట్టింది పాలకు అదనం కాలేదు, పాల చోటును ఆక్రమించింది. అక్కడ వాళ్ళు పెట్టింది పరిశుభ్రమైన ఆహారం కాబట్టి సరిపోయింది. మన ఇళ్ళలో ఆ చోటులోకి వచ్చేది చాలాసార్లు పల్చటి గంజి, సగ్గుబియ్యం నీళ్ళు, నీళ్ళు కలిపిన పోతపాలు. అప్పుడు బిడ్డకు దక్కేది అంతకుముందుకంటే తక్కువ.

ఆ తర్వాత బెలారస్‌లో 17,000 మందికి పైగా తల్లీబిడ్డలతో మైకేల్ క్రామర్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. మూడు నెలల దాకా తల్లిపాలే తాగి తర్వాత ఇతర ఆహారం మొదలుపెట్టినవాళ్ళకంటే, ఆరు నెలల దాకా తల్లిపాల మీదే ఉన్నవాళ్ళకు విరేచనాల జబ్బులు తక్కువ వచ్చాయి, ఎదుగుదల ఏమీ తగ్గలేదు. ఇలాంటి ఆధారాలన్నీ కూడగట్టుకున్నాక 2001లో ప్రపంచ ఆరోగ్య సభ, ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే అని తీర్మానించింది.

నాలుగో నెలలో పాలు చాలడం లేదన్న అనుమానం ఎందుకు వస్తుందో కూడా చూడాలి. ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా బిడ్డ తాగే తల్లిపాలు దాదాపు ఒకే మోతాదు, రోజుకు సుమారు 750 నుంచి 800 మిల్లీలీటర్లు. బిడ్డ పెరుగుతుంటే పాలు పెరగకుండా ఎలా సరిపోతాయని సందేహం. కానీ తొలి మూడు నెలల్లో ఉన్న ఎదుగుదల వేగం తర్వాత ఉండదు. ఒళ్ళు పెరిగినందువల్ల కావలసిన అదనాన్ని, పెరిగే వేగం తగ్గినందువల్ల మిగిలేది చాలావరకు పూడుస్తుంది. పూర్వం వాడిన ఎదుగుదల పటం ఇక్కడ తల్లులకు పెద్ద అన్యాయమే చేసింది. 1977లో తయారై ఎన్నో దేశాలకు పాకిన ఆ పటంలో చంటిబిడ్డల లెక్కలు అమెరికాలోని ఒహాయోలో సేకరించినవి. ఆ బిడ్డల్లో ఎక్కువమంది డబ్బాపాల మీద పెరిగినవాళ్ళు. ఆ గీతతో పోలిస్తే, తల్లిపాలు తాగే ఆరోగ్యవంతుడైన బిడ్డ కూడా మూడో నెల దాటాక వెనకబడినట్టు కనిపిస్తాడు. చక్కగా ఎదుగుతున్న బిడ్డను చూసి ఎంతమంది తల్లులు తమ పాలను శంకించుకున్నారో! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తల్లిపాలు తాగే బిడ్డలను కొలిచి కొత్త పటాలు ఇచ్చింది. ఆ కొలతలు తీసిన ఆరు దేశాల్లో మనదీ ఒకటి. 2008లో మన అంగన్‌వాడీలకు కూడా ఆ పటాలే తీసుకున్నారు. అనుమానం వస్తే అంగన్‌వాడీలో తూకం వేయించి ఆ గీత చూడాలి. గీత వెంట బరువు పెరుగుతూ, బిడ్డ రోజుకు ఆరేడుసార్లయినా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

మంచినీళ్ళ సంగతీ అంతే. రామగుండంలోనూ రెంటచింతలలోనూ మే నెల ఎండ చూసినవాళ్ళకు బిడ్డకు చుక్క నీళ్ళు పట్టకుండా ఉండటం కష్టమే. కానీ తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే. ఢిల్లీ వేసవిలో తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలను పరీక్షించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, విడిగా నీళ్ళు ఇవ్వకపోయినా వాళ్ళ ఒంట్లో నీటికి కొదవ రాలేదని తేలింది. దాహం తల్లికి వేస్తుంది, తల్లికి నీళ్ళివ్వాలి. బిడ్డకు మరో రెండుసార్లు పాలివ్వాలి.

ఇక సిద్ధమైన గుర్తులు. మొదటిది మెడ. బిడ్డ మెడ అటూ ఇటూ వాలిపోకుండా నిలబెట్టుకోవాలి. రెండోది నడుము. ఒళ్ళో గానీ, కాస్త ఆసరా ఉన్న చోట గానీ కూర్చోబెడితే ముందుకు మడిచిపెట్టినట్టు కూలిపోకూడదు. ఎవరి సాయమూ లేకుండా కూర్చునే దాకా ఆగనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఆసరా లేకుండా కూర్చోవడం అనేది ఆరోగ్యవంతులైన బిడ్డల్లో కూడా 3.8 నెలల నుంచి 9.2 నెలల దాకా ఎప్పుడైనా జరిగింది. ఇంత వెడల్పున్న గుర్తును ఒంటరిగా పట్టుకుంటే కొందరు బిడ్డలకు మరీ ముందు, కొందరికి మరీ ఆలస్యం అవుతుంది. మూడోది చెయ్యి. కన్ను చూసిన వస్తువు దగ్గరికి చెయ్యి సూటిగా వెళ్ళి, దాన్ని పట్టుకుని, గురి తప్పకుండా నోటికి తెచ్చుకోవాలి. నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, నాలుక. పుట్టిన బిడ్డ పెదవుల మధ్య పాలు కానిది ఏది పెట్టినా నాలుక దాన్ని బయటికి నెట్టేస్తుంది. అది బిడ్డ ప్రాణానికి కాపలా. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అది సడలుతుంది. మెత్తటి ముద్దను నాలుక వెనక్కి తీసుకెళ్ళి మింగగలుగుతుంది. చెంచాతో కాస్త పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పెట్టిందంతా గడ్డం మీదికి వచ్చేస్తుంటే నాలుగైదు రోజులు ఆగి మళ్ళీ చూడాలి. సిద్ధమైన బిడ్డ కూడా మొదట్లో సగం ఉమ్మేస్తుంది, రుచి కొత్త కాబట్టి. కానీ మిగిలిన సగం మింగుతుంది.

మనం సాధారణంగా గుర్తులనుకునేవి చాలావరకు వేరే సంగతులు. పిడికిలి నమలడం, చొంగ కార్చడం మూడు నాలుగు నెలల్లో ప్రతి బిడ్డా చేసేవే. మనం తింటుంటే చూడటం వింత వస్తువును చూసే కుతూహలం కావచ్చు. మనం ఫోను పట్టుకున్నా అలాగే చూస్తుంది. పళ్ళకూ దీనికీ సంబంధం లేదు, చిగుళ్ళతోనే మెత్తటి అన్నం నలిపేస్తారు. రాత్రి లేవడం కూడా ఆకలికి ఖాయమైన గుర్తు కాదు. బ్రిటన్‌లో జరిగిన ఒక పరీక్షలో కొందరు బిడ్డలకు మూడో నెల నుంచే ఘనాహారం పెట్టి చూశారు. వాళ్ళ నిద్రలో కనిపించిన ఎక్కువలో ఎక్కువ తేడా ఆరో నెలలో రాత్రికి సుమారు 16 నిమిషాలు. అలసిన తల్లికి ఆ 16 నిమిషాలూ విలువైనవేనని ఒప్పుకుంటాను. కానీ రాత్రంతా పడుకుంటుందన్న ఆశతో మూడో నెలలో జావ పోసే తల్లికి దక్కేది అంతేనని ముందే తెలియాలి.

మన సంప్రదాయంలో ఒక అందమైన సంగతి ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. ఆ వేడుకలు బిడ్డ శరీరాన్ని బట్టి నడుస్తాయి, పంచాంగాన్ని బట్టి కాదు. అన్నప్రాశన మాత్రం నెలల లెక్క మీద, ముహూర్తం మీద నడుస్తుంది. మగపిల్లలకు సరి నెల, ఆడపిల్లలకు బేసి నెల అన్న పద్ధతి చాలా ఇళ్ళలో ఉంది. ఐదో నెల నడుస్తుండగా చేస్తే ఆ పాపకు నాలుగు నెలలే నిండి ఉంటాయి. ఆరో నెల నడుస్తుండగా చేస్తే బాబుకు ఐదే నిండుతాయి. ఆడపిల్ల కడుపు మగపిల్లవాడి కడుపుకంటే ముందు సిద్ధమవుతుందనడానికి శాస్త్రంలో ఆధారం ఏమీ లేదు. వేడుక మానుకోవలసిన పనిలేదు. బేసి నెలల్లో ఏడోది కూడా ఉంది, ఏడో నెల నడుస్తుందంటే ఆరు నిండినట్టే. పాపకు అదే ముహూర్తం అడగండి. ఏ నెలలో చేసినా తేనె మాత్రం వద్దు. తేనెలో ఉండే బొట్యులిజం క్రిమి బీజాలు ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టించగలవు. పుట్టగానే నాలుకకు తేనె రాసే అలవాటు కూడా అందుకే మానాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల లెక్క వేరు. వాళ్ళ వయసు పుట్టిన రోజు నుంచి కాక, పుట్టవలసిన రోజు నుంచి లెక్కించాలి. అలా సవరించిన వయసులో నాలుగు నెలలకు మొదలుపెట్టడం మంచిదా, ఆరుకా అన్నది ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో 34 వారాలలోపు పుట్టిన 403 మంది బిడ్డల మీద పరీక్షించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాది వయసుకు బరువులో తేడా లేదు. నాలుగు నెలలకు మొదలుపెట్టినవాళ్ళు మాత్రం ఎక్కువసార్లు ఆసుపత్రి పాలయ్యారు. బలహీనంగా పుట్టాడు కదా, ముందే పెడితే పుంజుకుంటాడన్న వాదన మన దేశంలోనే జరిగిన ఈ పరీక్షలో నిలబడలేదు.

ఇంతవరకూ తొందరపడవద్దన్న మాట. ఆరు నెలలు దాటాక కథ మారుతుంది. అలా మార్చేది ఇనుము. కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో తల్లి నుంచి బిడ్డ ఇనుము నిల్వ చేసుకుంటుంది. పుట్టాక బొడ్డుతాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే ఆ నిల్వ ఇంకా పెరుగుతుంది. ఆ నిల్వ సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలు ఎన్ని విధాల గొప్పవైనా వాటిలో ఇనుము లీటరుకు మిల్లీగ్రాములో మూడో వంతు మాత్రమే. ఒంటికి బాగా పడుతుంది, కానీ ఉన్నదే అంత. ఆరో నెల తర్వాత కూడా పాల మీదే ఉంచితే బిడ్డ బొద్దుగా, హుషారుగా కనిపిస్తూనే లోపల రక్తం పల్చబడుతుంది. మెదడు అతివేగంగా ఎదిగే కాలమది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. దీనంతటికీ కారణం ఆలస్యంగా మొదలుపెట్టిన ఆహారమే అనను. తల్లుల రక్తహీనత ఉంది, నులిపురుగులున్నాయి. కానీ అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డల్లో తల్లిపాలతోపాటు ఘన, అర్ధఘన ఆహారం అందుతున్నవాళ్ళు దాదాపు 46 శాతమే. సగానికి పైగా బిడ్డలు సిద్ధమై కూర్చుని, అందక ఎదురుచూస్తున్నారు.

యూరప్‌లో నిపుణుల మాట కొంచెం వేరుగా ఉంటుంది. అక్కడి పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం 2017లో, 17 వారాలకు ముందు వద్దు, 26 వారాలు దాటనివ్వొద్దు అంది. దీనికి ఒక కారణం అలర్జీల మీద అభిప్రాయం తలకిందులు కావడం. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ భయమున్న బిడ్డలకు గుడ్డు రెండేళ్ళ దాకా, వేరుశనగ, చేపలు మూడేళ్ళ దాకా వద్దని చెప్పింది. 2008లో ఆ సలహాను వదులుకుంది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం, తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) లేదా గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డలకు ఏడాదిలోపే వేరుశనగ పెట్టడం మొదలుపెడితే ఐదేళ్ళకు ఆ అలర్జీ చాలా తక్కువమందికి వచ్చిందని నిరూపించింది. ఈ ఫలితాన్ని చూసి మన ఇంట్లో నాలుగో నెలలో మొదలుపెట్టనక్కరలేదు. నీళ్ళ శుభ్రత, గిన్నెల శుభ్రత, విరేచనాల ముప్పు మన లెక్కలో ఎక్కువ బరువు తూగుతాయి. దాన్నుంచి మనం తీసుకోవలసింది మరొకటి. ఆరు నెలలు నిండాక గుడ్డు, చేప, వేరుశనగ ముద్ద వంటివి ఏడాది దాకా దాచిపెట్టడం వల్ల లాభం లేదు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే డాక్టరుతో మాట్లాడాక పెట్టాలి.

మొదలుపెట్టిన రోజుతో సమస్య తీరిపోదు. ఏం పెడుతున్నాం అన్నచోటే మన ఇళ్ళలో ఎక్కువ పొరపాటు జరుగుతోంది. ఏడు కిలోల బిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. అందులో పప్పు మీది తేట నింపితే పప్పు పెద్దలకు, నీళ్ళు బిడ్డకు దక్కుతాయి. అరగదేమోనన్న భయంతో ప్రేమగానే ఆ తేట పోస్తారు. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తల్లిపాలు కాక ఆహారం ద్వారా రోజుకు సుమారు 200 కిలోకేలరీలు అందాలి. తేటతో అది సాధ్యం కాదు. చెంచా వంచితే జారిపోని చిక్కదనం ఉండాలి. మెత్తగా ఉడికిన అన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి, ఉడికించి మెదిపిన ఆకుకూరో గుమ్మడికాయో. ఇంతకంటే గొప్ప తొలి ఆహారం కొనుక్కోనక్కరలేదు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఎనిమిదో నెలకు పూటకు అరకప్పు దాకా. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. ఉప్పు, పంచదార లేకపోయినా బిడ్డకు వెలితి తెలియదు, రుచి లేదనిపించేది మనకే.

జావకు మన దగ్గరే ఒక ఉపాయం ఉంది. రాగిపిండి చిక్కగా కాస్తే గట్టిపడి బిడ్డ మింగలేదు, నీళ్ళు పోస్తే బలం పోతుంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, కాస్త వేయించి విసిరితే ఆ మొలకల్లో పుట్టిన ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. ఆ పిండి కొద్దిగా కలిపితే చిక్కటి జావ కూడా జారుగా అవుతుంది, పోషణ తగ్గదు. బరోడాలో తారా గోపాల్‌దాస్ దీన్ని ఏళ్ళ తరబడి పరిశోధించి లెక్కలతో చూపించారు. మన పల్లెల్లో మొలకెత్తిన రాగుల పిండి కొత్తేమీ కాదు, పసిబిడ్డ గిన్నెలోకి అది మళ్ళీ రావాలి. అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార ఉంటాయి. నెలకు రెండున్నర కిలోలు. పంచదార తగ్గిస్తే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ పొట్లం బిడ్డకు చేరకుండా ఇంటిల్లిపాదీ పంచుకోవడం అంతకంటే పెద్ద నష్టం.

ఇనుము కోసం గుడ్డు, చేప, మాంసం, కాలేయం మెత్తగా చేసి పెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు వీటిని రోజూ పెట్టడం మంచిదన్నాయి. మాంసాహారం తినే ఇళ్ళలోనే 'గుడ్డు వేడి చేస్తుంది, చేప అరగదు' అని బిడ్డను ఏడాది దాకా శాకాహారిగా ఉంచడం చూస్తుంటాం. శాకాహారుల ఇళ్ళలో పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఎవరి ఇంట్లోనైనా ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఆశా కార్యకర్త ద్వారా అందే ఐరన్ సిరప్, వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు, మరిచిపోకుండా వేయాలి. ఆవుపాలు, గేదెపాలు వంటలో కలపవచ్చు గానీ ఏడాదిలోపు తల్లిపాల బదులు తాగించకూడదు. వాటిలో ఇనుము తక్కువ, ఉన్నదీ సరిగా పట్టదు.

మెదపడం ఎంతకాలం? ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో వేల మంది పిల్లలను అనుసరించిన అధ్యయనంలో, పది నెలల తర్వాత కూడా మెత్తటి గుజ్జు మీదే ఉండి, ఆ తర్వాతెప్పుడో పలుకు తగిలే ఆహారం రుచి చూసిన బిడ్డలు తర్వాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారని తేలింది. మిక్సీ వచ్చాక మనకు ఈ బెడద పెరిగింది. ఎనిమిదో నెలకల్లా చేత్తో నలిపిన ముద్ద చాలు. బిడ్డే ముక్క పట్టుకుని తినే పద్ధతి, ఇంగ్లండులో గిల్ రాప్లీ ప్రచారంలోకి తెచ్చినది, మన పట్నాల్లోనూ పాకుతోంది. న్యూజిలాండ్‌లో జాగ్రత్తలు నేర్పి చేయించిన పరీక్షలో పొలమారడం, ఊపిరాడకపోవడం చెంచాతో తినే బిడ్డలకంటే ఎక్కువ కాలేదు. కానీ ఆ జాగ్రత్తలే కీలకం. కూర్చుని ఉండాలి, పక్కన పెద్దవాళ్ళుండాలి, చిగుళ్ళతో నలిగేంత మెత్తగా ఉండాలి. వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, ద్రాక్ష పండు మొత్తంగా ఎన్నడూ ఇవ్వకూడదు. ఓకరించడం వేరు, గొంతులో అడ్డుపడటం వేరు. ఓకరించే బిడ్డ మొహం ఎర్రబడి దగ్గుతుంది, దానంతటదే బయటికి తెచ్చుకుంటుంది. గొంతులో అడ్డుపడిన బిడ్డ నోటి నుంచి శబ్దం రాదు. ఈ తేడా ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఎలా పెట్టాలన్నదాని మీద మనకు సొంత సాక్ష్యమే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, సిల్వియా ఫెర్నాండెజ్ రావు తదితరులు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాల్లో, మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా 600 మంది తల్లీబిడ్డల మధ్య పరీక్ష చేసి 2013లో ప్రచురించారు. కొన్ని ఊళ్ళలో మామూలు అంగన్‌వాడీ సేవలు. కొన్నిటిలో ఏం, ఎంత పెట్టాలో గ్రామ మహిళలే ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. ఇంకొన్నిటిలో వాటితోపాటు బిడ్డ సైగలు గమనించి ఓపిగ్గా తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. చెప్పిన ఊళ్ళన్నిటిలో బిడ్డల తిండి మెరుగైంది. ఆటా సైగలూ నేర్పిన ఊళ్ళలో పిల్లల మానసిక ఎదుగుదల కూడా ముందుకెళ్ళింది. డబ్బా ఆహారం లేదు, యంత్రాలు లేవు. మన ఊరి ఆడవాళ్ళు మన ఊరి తల్లులతో మాట్లాడారు. ఇది మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊరికీ ఎందుకు పాకలేదన్నది నన్ను వదలని ప్రశ్న. సైగల పాఠం ఇంతే. మొహం తిప్పేసుకునే బిడ్డకు కడుపు నిండింది. ఫోనులో పాట పెట్టి, తెలియనివ్వకుండా ఇంకో నాలుగు ముద్దలు కుక్కితే బిడ్డ తన ఆకలిని తాను గుర్తించడం మరిచిపోతుంది.

చివరిగా పనికి వెళ్ళే తల్లుల సంగతి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అలా తీసుకున్న తల్లి బిడ్డకు నాలుగు నెలలు దాటగానే పనిలోకి వెళ్ళాలి. నాట్లకు, మిరపకోతకు, బీడీలకు వెళ్ళే తల్లికి ఆ సెలవు కూడా లేదు. నాలుగో నెలలో జావ మొదలుపెట్టే ఇళ్ళలో చాలావాటికి అసలు కారణం ఇదే. వాళ్ళకు ఆరు నెలల పాఠం చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పాలు పిండి మూతగిన్నెలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, చల్లటి గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. వాటిని సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టాలి. గిన్నె కడగడం తేలిక, బిడ్డ రొమ్ము మరిచిపోదు. 50 మంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని చట్టం చెబుతోంది. అది లేని యజమానిని అడగాల్సింది ఆ తల్లి ఒక్కతే కాదు, ఆమెతోపాటు పనిచేసేవాళ్ళందరూ.